దిండు కింద వైరు

నేను ఒక వీడియోగేమ్ రిమోట్‌ని. విశాఖపట్నంలో ఒకప్పుడు ఆదివారం ఉదయం కేబుల్ టీవీ పెట్టిన పిల్లలందరూ నన్ను చూశారు. మంటల వంతెన దాటినా, గుహలో రాక్షసుణ్ణి పడగొట్టినా తెర నిండా నేనే కనబడేదాన్ని. అచ్చం అలాంటి రిమోటే కావాలని అలిగి మా పిల్లవాడు అన్నం మానేశాడు అంటూ తల్లులు కార్డులు రాసేవారు. ఇంత పేరు తెచ్చుకున్న నేను ఆ కార్యక్రమం నడిచినన్నాళ్ళూ ఒక్క ఆట కూడా ఆడలేదు. ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు కనక చెబుతున్నాను. నాకూ దాచుకునే ఓపిక లేదు. గుండీలు వదులైపోయాయి, వైరు బీటలు వారింది, అలసిపోయాను.

నేను పుట్టింది ఏదో పరాయి దేశపు ఫ్యాక్టరీలో. ఊరి పేరు అట్టపెట్టె మీద ఉండేది కానీ, కొన్నవాళ్ళు ఆ పెట్టెను మొదటిరోజే చింపేశారు. అందులో మేం ఇద్దరం కవలలం. దాని మీద ఒకటో నంబరు, నా మీద రెండో నంబరు. ఒక్కరే ఆడే ఆటకి ఒకటో నంబరు చాలు. రెండో నంబరు బతుకు తోడుపెళ్ళికూతురి బతుకు. ముస్తాబంతా ఉంటుంది, తాళి సమయానికి ఎవరూ పిలవరు.

మమ్మల్ని కొన్నది శేషగిరి. అల్లిపురంలో స్టీలు గిన్నెల దుకాణం పైనున్న చిన్న కేబుల్ చానల్‌కి కార్యక్రమాలు తీసేవాడు. కింద గిన్నెల దొంతర పడిందంటే పైన రికార్డింగ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. వంటలూ భక్తీ సినిమా పాటలూ అందరూ చూపిస్తున్నారు, పిల్లలకి వీడియోగేములు చూపిద్దాం అని అతనికి బుద్ధి పుట్టింది. వారానికో ఆట, ఏ గండం ఎలా దాటాలో వివరంగా. పేరు ‘ఆటగది’.

దానికి యాంకర్‌గా జోగారావు దొరికాడు. విజయనగరం వైపు మనిషి. నాటకాల్లో చాలాకాలం ఈటె పట్టుకుని రాజు వెనక నిలబడే భటుడి వేషాలు వేశాడు. గొంతు బావుంటుంది, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. శేషగిరి అతనికి జోజో మామయ్య అని పేరు పెట్టి, పువ్వుల చొక్కా తొడిగి, ఎర్ర సోఫాలో కూర్చోబెట్టి, ఒకటో నంబరు రిమోట్‌ని చేతికిచ్చాడు.

మొదటిరోజు మధ్యాహ్నం దాకా ఏమీ రికార్డు కాలేదు. ఆటలో పసుపు టోపీ పెట్టుకున్న ఒక బుడ్డోడు ఉంటాడు. నాలుగడుగులు వేయగానే ఒక గొయ్యి వస్తుంది. దాన్ని గెంతి దాటాలి. జోగారావు దాన్ని దాటలేకపోయాడు. బుడ్డోడితో పాటు తనూ సోఫాలోంచి గెంతేవాడు, భుజాలు ఎగరేసేవాడు, నాలుక కరుచుకునేవాడు. ఎన్ని చేసినా బుడ్డోడు గోతిలోకే. టేపు అరిగిపోతోందని శేషగిరి తల పట్టుకున్నాడు.

అక్కడే నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. చానల్‌లో టేపులు సర్దే పని. అంతకు ముందు వాళ్ళన్నయ్య జగదాంబ సెంటర్ దగ్గర వీడియోగేముల పార్లర్ నడిపి మూసేశాడు. ఆ పార్లర్‌లో కూర్చుని ఆమె అన్నీ ఆడేసింది. చివరికి శేషగిరి ఒక దారి కనిపెట్టాడు. సోఫా వెనక నీలం తెర కట్టి, తెర వెనక బల్ల మీద ఆట మెషీన్, ఇంకో చిన్న టీవీ పెట్టి, ఒకటో నంబరు రిమోట్‌తో రత్నాన్ని కూర్చోబెట్టాడు. జోగారావు ముందున్న టీవీలో బొమ్మ చూస్తూ, నన్ను పట్టుకుని, తనే ఆడుతున్నట్టు నా మీద వేళ్ళు ఆడించాలి. నా వైరు ఎక్కడికీ పోకుండా సోఫా దిండు కిందికి దోపేశారు.

అలా నేను టీవీ తారనయ్యాను.

జోగారావు గొప్ప నటుడని నాకు అప్పుడే తెలిసింది. బుడ్డోడు వంతెన మీదికి వస్తే అతని మెడ నరాలు బిగుసుకునేవి. దాటగానే చొక్కా చేతితో నుదురు తుడుచుకునేవాడు, చెమట నిజంగానే పట్టి ఉండేది. నా గుండీలని మాత్రం సున్నితంగా, నిద్రపోతున్న పసిపిల్లని తట్టినట్టు తట్టేవాడు. గట్టిగా నొక్కాల్సిన అవసరం ఏముంది? తెర వెనక నా కవల కీచుకీచుమంటూ చాకిరీ చేసేది. ఇక్కడ కీర్తి నాది. దానికి కీర్తి లేదు, నాకు పని లేదు. ఎవరికి ఎక్కువ అన్యాయం జరిగిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రత్నానికి ఒక అలవాటు ఉండేది. బుడ్డోణ్ణి పడనిచ్చేది కాదు. పడితే మళ్ళీ మొదటినుంచి తీయాలి, టేపు వృథా, శేషగిరి విసుగు. అందుకని ఎంత చిన్న సందు దొరికినా, ఆఖరి క్షణంలోనైనా, వాణ్ణి దాటించేసేది. ‘జోజో మామయ్య ఎప్పుడూ పడడు’ అని ఊళ్ళో పిల్లలు చెప్పుకోవడం అందుకే. బజారులో కనిపిస్తే చుట్టూ మూగి, మంటల వంతెన ఎలా దాటాలి మామయ్యా అని అడిగేవారు. అతను గంభీరంగా, ఓపిక ఉండాలి నాన్నా అనేవాడు. అది ఏ ఆటకైనా సరిపోయే జవాబు.

అతనికి ధరణి అని ఒక కూతురు. మూడో తరగతి. తండ్రి ఈటె పట్టుకుని నిలబడే రోజుల్లో బళ్ళో పిల్లలు, మీ నాన్నకి మాటలు రావా అని ఏడిపించేవారట. ఒకరోజు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి ఇంక బడికి వెళ్ళనందట. ఇదంతా అతను మేకప్ వేసుకుంటూ శేషగిరికి చెబుతుంటే విన్నాను. ఇప్పుడు అదే బళ్ళో ఆ పిల్ల జోజో మామయ్య కూతురు. మా నాన్న ఎప్పుడూ పడడని తరగతి మొత్తానికీ చెప్పి పెట్టుకుంది. అది చెబుతున్నప్పుడు జోగారావు అద్దంలో తనను చూసుకోలేదు, పౌడర్ డబ్బా వైపు చూశాడు. ఈ పని ఎప్పుడు మానేద్దామనుకున్నా ఆ పిల్ల మొహమే అడ్డం వస్తోందన్నాడు.

బాలల దినోత్సవానికి స్టాఫ్ పిల్లలను తీసుకొచ్చి ప్రత్యేక కార్యక్రమం చేయాలని శేషగిరి పట్టుబట్టాడు. ముందుగా జోజో మామయ్య కూతురే. జోగారావు పిల్లకి జలుబు అన్నాడు, పరీక్షలు అన్నాడు, వాళ్ళమ్మ ఒప్పుకోదన్నాడు. వాళ్ళమ్మే కొత్త గౌను తొడిగి, రెండు జడలకి రిబ్బన్లు కట్టి తీసుకొచ్చి దింపి వెళ్ళింది. పిల్ల పక్కన కూర్చుని చూస్తుంది అంతే, ఆడేది నువ్వే కదా అని శేషగిరి సర్దిచెప్పాడు.

లైట్లు వెలిగాయి. జోగారావు ముద్దుగా కూతుర్ని పరిచయం చేశాడు. బుడ్డోడు నడక మొదలుపెట్టాడు. అంతే, ధరణి చెయ్యి చాచి నన్ను తీసేసుకుంది.

“నాన్నా, ఈసారి నేనాడతాను.”

కెమెరా పక్కనుంచి శేషగిరి, కానీ కానీ అని చేత్తో సైగ చేశాడు. పిల్ల ఆడుతుంటే ఎంత బావుంటుంది! నన్ను వెనక్కి లాక్కుంటే వైరు కూడా బయటికి వచ్చేస్తుంది కనక జోగారావు దిండు మీదికి జరిగి గట్టిగా కూర్చున్నాడు.

ఆ పిల్ల వేళ్ళు నాకు ఇప్పటికీ గుర్తే. సన్నగా ఉండి, ఉక్కులా నొక్కాయి. పుట్టిన తరవాత నా గుండీలు అడుగు దాకా దిగడం అదే మొదలు. సిగ్గుపడ్డాను. ఆ నొక్కులన్నీ నా వైరులోకి దిగి, దిండు కింద ఆగిపోతున్నాయి.

తెర వెనక రత్నం తిప్పలు పడింది. తెర చీలికలోంచి పిల్ల భుజం మీదుగా వేళ్ళని చూస్తూ, వాటి ప్రకారం బుడ్డోణ్ణి ఆడించాలి. కొంతసేపు నెట్టుకొచ్చింది. బుడ్డోడు ఆలస్యంగా గెంతుతున్నాడని ధరణి అంది. టీవీ పెద్దది కదమ్మా, అలాగే ఉంటుంది అన్నాడు జోగారావు. ఇంతలో గొయ్యి వచ్చింది. సరిగ్గా అప్పుడే చెమటకి పిల్ల వేలు జారింది. గెంతే గుండీ మీద వేలే లేదు. బుడ్డోడు పడాలి. కానీ రత్నం చేతికి వాణ్ణి పడనిచ్చే అలవాటు లేదుగా. బుడ్డోడు చక్కగా గెంతి అవతలి ఒడ్డున దిగాడు.

ధరణి తన వేళ్ళ వైపు చూసుకుంది. తరవాత రెండు బొటనవేళ్ళూ మెల్లగా పైకెత్తింది. బుడ్డోడు నడుస్తూనే ఉన్నాడు. రత్నం అప్పటికి చీలిక వదిలేసి ఆట వైపు చూస్తోంది కాబోలు, వాడు ఒక ముళ్ళపందిని దాటాడు, రెండు నాణేలు ఏరుకున్నాడు. పిల్ల చెయ్యి నా వైరు పట్టుకుని కిందికి పాకింది. దిండు అంచు కిందికి దూరింది. నా కొస ఆ చల్లటి వేలికి తగిలింది. ఏ మెషీనూ చూడని నా కొసని ఆ పిల్ల ఒకసారి తడిమి వదిలింది.

తండ్రి వైపు చూసింది. అతని నవ్వు అలాగే ఉంది, బుగ్గన సొట్ట అలాగే ఉంది. దిండు అంచుని మాత్రం చేత్తో ఇంకా గట్టిగా అదిమి పట్టాడు. అతనికి తెలిసిపోయింది. కెమెరా తిరుగుతోంది. ఆ పిల్ల ఒక్క మాట అంటే చాలు, అతను మళ్ళీ ఈటె పట్టుకున్న భటుడు. కాదు, అంతకన్నా తక్కువ. నేను ప్లాస్టిక్ దాన్నే, అయినా భయపడ్డాను.

ధరణి వేళ్ళు మళ్ళీ నా మీద పెట్టింది. ఈసారి గట్టిగా నొక్కలేదు. బుడ్డోడు గెంతినప్పుడు నొక్కుతున్నట్టు తట్టింది, వాడు వంగినప్పుడు భుజం వంచింది. అచ్చం తండ్రి లాగే. బుడ్డోడు జెండా దగ్గరికి చేరగానే కెమెరా వైపు తిరిగి నవ్వింది. ఆ పిల్లకీ బుగ్గన సొట్ట ఉంది.

“మా నాన్నే నేర్పారు,” అంది.

ప్రతి వారం చివర్లో జోగారావు, మళ్ళీ ఆదివారం ఇదే ఆటగదిలో అని పిల్లలందరికీ వీడ్కోలు చెప్పేవాడు. ఆరోజు మాత్రం శేషగిరి పెదవులు కదిపి అందిస్తే తప్ప చెప్పలేకపోయాడు.

ఆ భాగానికి చాలా మెచ్చుకోలు వచ్చింది. తరవాతి వారాల్లో జోజో మామయ్య నవ్వు తగ్గింది. ఒంట్లో బాగాలేదా మామయ్యా అని కార్డులు వచ్చాయి. మరికొన్నాళ్ళకి కార్యక్రమమే ఆగిపోయింది. సందుకో నెట్ సెంటర్ వచ్చింది, పిల్లలు తామే ఆడుకుంటున్నారు, ఇంకొకడు ఆడితే ఎవరు చూస్తారని చానల్ వాళ్ళు అన్నారు. ఇప్పుడు ఇళ్ళల్లో పిల్లలు ఫోన్లు పట్టుకుని, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆడే ఆటలు అన్నం తినడం మరిచి చూస్తున్నారు. శేషగిరి కాస్త తొందరపడి పుట్టాడు, అంతే.

ఆఫీసు ఖాళీ చేస్తుంటే రత్నం నా కవలని తీసుకెళ్ళింది. దాని గుండీల మీద అంకెలు, గీతలు అన్నీ అరిగిపోయి ఉన్నాయి. నేను కొత్తగా మెరుస్తున్నాను.  మెషీన్నీ నన్నూ జోగారావు అడిగి తీసుకున్నాడు. ఈ రెండోది అసలు పనిచేస్తుందా అని శేషగిరి అడిగాడు. ఎవరూ చూడలేదు కదా, చూస్తాను అన్నాడతను.

ఒక మధ్యాహ్నం, పిల్ల బడికెళ్ళాక, తలుపు దగ్గరగా వేసి నన్ను మెషీన్‌కి తగిలించాడు. ఒకటో నంబరు రంధ్రంలో. ఒళ్ళంతా జివ్వుమంది. పనిచేస్తున్నాను. బుడ్డోడు నాలుగడుగులు వేసి గోతిలో పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. ఆ రోజంతా పడ్డాడు, మర్నాడూ పడ్డాడు, నెలల తరబడి పడ్డాడు. ఇన్నాళ్ళూ పని లేదని బాధపడ్డ నేను, దేవుడా, పని అంటే ఇదా అనుకున్నాను. సున్నితంగా తట్టిన మనిషి ఇప్పుడు గుద్దుతున్నాడు. నా వయసంతా ఆ నెలల్లోనే మీద పడింది.

ఒకరోజు బడి ముందే వదిలారు. ధరణి వచ్చి గుమ్మంలో నిలబడింది. బుడ్డోడు అప్పుడే పడ్డాడు. జోగారావు టీవీ ఆపలేదు, నన్ను దాచలేదు. 

“అక్కడే నిలబడిపోనావేటమ్మా? రా,” అన్నాడు. “ఇదే నాకొచ్చిన ఆట. ఇంతే వచ్చు నాకు.”

ఆ పిల్ల సంచీ దింపి అతని పక్కన చేరింది. ఆ స్టూడియో సంగతి ఎత్తలేదు. అసలెప్పుడూ ఎత్తలేదు.

“నువ్వు ముందే గెంతీస్తన్నావు నాన్నా. పడిపోతానేమోనని బయపడి ముందే గెంతీస్తన్నావు. అంచుదాకా ఎల్లు.”

అతను అంచుదాకా వెళ్ళాడు, పడ్డాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆ పిల్ల నవ్వలేదు, నన్ను లాక్కోలేదు. లోపల్నుంచి వాళ్ళమ్మ టీకి పిలిచింది, ఇద్దరూ లేవలేదు. వెలుగు కిటికీ దిగిపోతుండగా బుడ్డోడు అంచుమీద, ఇంక పడ్డాడనగా, గెంతాడు. అవతలి ఒడ్డున దిగాడు.

జోగారావు అలవాటు కొద్దీ తలెత్తి కెమెరా ఉండేవైపు నవ్వబోయాడు. అక్కడ బట్టల బీరువా ఉంది. నవ్వు సగంలో ఆగి మొహమంతా ఏడుపైపోయింది. ఈలోగా ముళ్ళపంది వచ్చి బుడ్డోణ్ణి పొడిచేసింది. ఎవరూ పట్టించుకోలేదు. ధరణి తండ్రి చేతిమీద తల ఆనించి కూర్చుంది. ఆ చేతిలో నేనున్నాను.

తరవాత మెషీన్ పాడైంది. ధరణి పెద్దదై బ్యాంకులో చేరింది. నన్ను హాల్లో షోకేసులో, పింగాణీ కుక్కపిల్ల పక్కన పెట్టింది. మొన్న ఒకతను ఇంటి లోను కాగితాల మీద ఆమె సంతకం కోసం వచ్చాడు. చిన్నప్పుడు ఆదివారాలు మమ్మల్ని చూసిన పిల్లాడేనట. జోగారావుని గుర్తుపట్టి, నన్ను చూసి, లేచి నిలబడ్డాడు. గాజు మీద వేలు పెట్టి, మంటల వంతెన దాటింది దీంతోనే కదా మామయ్యా అన్నాడు.

“కాదు బాబూ,” అన్నాడు జోగారావు. “దీంతో నేను ఒక గొయ్యి దాటాను. అంతే.”

వేళాకోళం అనుకుని వచ్చినతను పగలబడి నవ్వాడు. ధరణి సంతకం పెడుతూ ఆగి, తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆ ఇద్దరూ నవ్వలేదు.