నేల మీద వరుస

మా చిన్నాయన రమేశ్‌కు పంజాగుట్టలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. అమీర్‌పేటలో కోచింగ్ అయిపోగానే నేను అక్కడికే వెళ్తాను.

ఓ సాయంత్రం బల్ల మీద ఒక పాత గ్రూప్ ఫొటో ఉంది. విశ్వవిద్యాలయంలోని భూగోళశాస్త్ర శాఖది. కుర్చీల్లో ప్రొఫెసర్లు, వెనక నిలబడ్డ అబ్బాయిలు, ముందు నేల మీద అమ్మాయిలు. అమ్మాయిల వరుసలో చివర మా అమ్మ. నేను మూడో తరగతిలో ఉండగా పోయింది.

"వదినెనే," అన్నాడు చిన్నాయన. "గీ వరుస కోసెయ్యమంటున్నరు బిడ్డా. కుర్చీలోళ్ల ముంగట ఎవ్వరు వద్దంట."

ఫొటో తెచ్చిన చలపతిరావు గారు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. ఆ శాఖకు ఆయనే ఆఖరి అధ్యక్షుడు. శాఖను ఇంకోదాంట్లో కలిపేశారు. గదులు పోయి, శాఖ చరిత్ర పెట్టుకోవడానికి వరండాలో ఒక గోడ మిగిలింది.

కొత్తవాళ్ల ముందు నాకు గొంతు రాదు. ఆ రోజు వచ్చింది.

"సార్, మా అమ్మను ఉంచండి. పేరు సుమలత."

ఆయన కళ్లద్దాలు తీసి ఫొటో మీదికి వంగారు. "గుర్తు రావట్లేదమ్మా. ఏమనుకోకు. ఫోన్లో ఫొటో తీసుకో." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అన్నారు: "జియాలజీ వాళ్ల గదిలో ఓ మూల మొదలైంది మా శాఖ. పోట్లాడి వేరుపడ్డాం. ఇప్పుడు మళ్లీ ఆ మూలకే. అధ్యక్షులన్నా మిగలాలి కదా."

"సదివినోళ్లు లేకుంట శాఖ యాడిది సార్?"

"నన్నేం అడుగుతారు, రమేశ్ గారూ? వాళ్లిచ్చిన గోడే నా కండువా అంత ఉంది."

ఆయన వెళ్లాక చిన్నాయన కత్తి పక్కన పెట్టాడు. "వదినె మీద కత్తి పెట్ట నాతోటి కాదు." నల్ల అట్టను వెడల్పుగా కోసి, నేల మీద వరుసంతా కప్పేలా పరిచి, అద్దం బిగించాడు. అట్ట అమ్మ ముఖం మీదికి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.

ఆదివారం ఆ వరండా గోడకు ఫ్రేములు తగిలించడానికి ఇద్దరం వెళ్లాం. చిన్నాయన స్టూలెక్కి మేకులు కొడుతున్నాడు. ఇద్దరు విద్యార్థినులు ఆగి ఆ ఫొటో చూశారు.

"గప్పట్ల అమ్మాయిలు లేకుండెనా ఈ డిపార్ట్‌మెంట్ల?"

"లేకుండొచ్చు."

నేను నోరు తెరిచాను. గొంతు రాలేదు. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయారు.

చిన్నాయన నావైపు చూసి, అప్పటికే దిగిన మేకు మీద ఇంకో దెబ్బ వేశాడు.