నీలం గుంపులో నా పిల్ల

అయినా మామిడిపండు ఎప్పటినుంచి తింటోందీ పిల్ల, ఇంట్లో తొక్క తీసి ముక్కలు కోసి గిన్నెలో పెట్టిచ్చినా నార పళ్లల్లో ఇరుక్కుంటుందని ముక్కు చిట్లించే పిల్ల, ఇప్పుడు ఏకంగా టెంక చీకుతోంది, మోచేతుల దాకా రసం కారుతోంది, తుడిచే దిక్కు లేదు, వాళ్ల గుంపుని చూసుకోవడానికొచ్చిన ఇంకో తల్లి ఆ లూపే తుడవదు, తనూ ఒక టెంక పట్టుకుని పకపకా నవ్వుతోంది, నేనేమో ఇక్కడ రాతిమెట్ల మీద కూర్చుని ఆ లూపే కన్న కూతురి ముక్కుకి సన్‌స్క్రీన్ రాస్తున్నాను, ఇదీ మా బడి పద్ధతి, సాయానికి వచ్చిన తల్లికి సొంత బిడ్డ ఉన్న గుంపు ఇవ్వరు, నా మార్నీ చేతికి నీలం పట్టీ, నాకేమో పసుపు పట్టీల పిల్లలు, బస్సెక్కే ముందు టీచరు మిస్ ప్రెంటిస్ ఎంత తియ్యగా చెప్పిందో, ఏమనుకోకు బ్రాన్విన్, మీ పిల్ల పక్కనే ఉంటే మిగతా పిల్లల్ని నువ్వు చూస్తావా చెప్పు, ఏ అమ్మయినా అంతే, ఫర్వాలేదులెండి అని నవ్వాను, లోపల ఒళ్లు మండిపోయింది, ఏడాది చివరి విహారం, మార్నీ పక్కన కూర్చుని సముద్రం చూద్దామని మందుల షాపులో బతిమాలి సెలవు పెట్టుకున్నది ఇందుకా.

బస్సులోనే మొదలైంది అసలు, మార్నీ ముందుసీట్లో లూపే పక్కన, నేను వెనక, వాంతి చేసుకునే పిల్లల కోసం సంచీ పట్టుకుని, చూస్తూ ఉండగానే లూపే దాని జుట్టు విప్పి బిగించి జడ వేసింది, దువ్వెన తగిలితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల కిక్కురుమనలేదు, పైగా ఆంటీ ఇంకో జడ వెయ్యవా అని గోముగా అడిగింది, ఒక్క పూటలో అందరికీ లూపే ఆంటీ అయిపోయింది ఆవిడ, నేను ఈ పిల్లలకి ఏడాదంతా మార్నీ వాళ్లమ్మనే, మార్నీ వాళ్లమ్మా నా సీసా మూత రావట్లేదు, మార్నీ వాళ్లమ్మా నా టోపీ ఎగిరిపోయింది, టోంగా దీవుల నుంచి వచ్చినవాళ్లందరూ ఇంత ధారాళంగా ఉంటారా, లేక ఈవిడ ఒక్కతేనా, పోనీ ఏదైనా తప్పు పడదామంటే వంక దొరకదు, పొద్దున నాకూ ఒక మామిడిపండు ఇవ్వబోయింది, వద్దన్నాను, నాకు మామిడి అంటే ప్రాణం, అయినా వద్దన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు, తెలుసు, కుళ్లు.

ఇదిగో దిగింది లూపే నీళ్లలోకి, చొక్కాతో, మోకాళ్ల దాకా చుట్టుకున్న పూల గుడ్డతో, సిగ్గూ లేదు ఏమీ లేదు, రాళ్ల మధ్య గోడ కట్టి సముద్రాన్ని ఆపిన కొలను, పెద్ద అల వచ్చినప్పుడల్లా గోడ మీంచి తెల్లగా దూకుతుంది, నాకు అదంటేనే హడల్, ఈ తీరంలోనే పుట్టి ఈ కొలనులో మోకాలి లోతు దాటలేదు, లూపే మాత్రం రొమ్ముల లోతులో నిలబడి చేతులు చాచి పిలుస్తోంది, రావే మార్నీ, ముక్కు మూసుకుని దూకెయ్, నీళ్లు నిన్నేం తినవులే, తింటే నేనే తినాలి, నీలం గుంపంతా గట్టు మీద గోల, దూకు దూకు, నా మార్నీ, రెండేళ్లుగా ప్రతి శనివారం ఈత నేర్పించే చోట అంచు మీద నుంచి నా వైపు చూసి, ఏడ్చి, పరుగెత్తుకొచ్చి తడి చేతులు నా మెడకి చుట్టేసే మార్నీ, వచ్చేవారం చూద్దాంలే అని నేను టవల్‌లో పొదువుకునే మార్నీ, ఆ మార్నీ మోకాళ్లు వంచింది, నవ్వుతోంది, అన్యాయం, అది మొదటిసారి దూకేది ఆవిడ చేతుల్లోకా, నేను పడ్డ శనివారాలన్నీ ఏమైపోవాలి.

అప్పుడు నాకోసం వెతికింది, నిజంగా, దూకబోయి ఆగి, మెట్ల మీద పసుపు పట్టీల మధ్య నన్ను కళ్లతో పట్టుకుంది, నవ్వు ఆగిపోయింది, వంచిన మోకాళ్లు నిటారయ్యాయి, ఒకడుగు వెనక్కి, అమ్మా నాకు భయంగా ఉంది అని అరిచింది, అమ్మయ్య, ఆ క్షణం నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను, చూశావా లూపే, జడలు వెయ్యి, పండ్లు తినిపించు, భయమేస్తే మాత్రం అమ్మే కావాలి, టవల్ పట్టుకుని లేచాను, రెండు మెట్లు దిగాను కూడా, దిగుతూ చూసుకుంటే నా రెండో చెయ్యి నా నోటి మీద ఉంది, ఎప్పుడు పెట్టుకున్నానో, గట్టిగా నొక్కుకుని ఉంది, తీసెయ్యబోయి ఆగిపోయాను.

ఇందాక నవ్వుతోంది కదా, నీళ్లు అవే, అల అదే, లూపే చేతులు అలాగే ఉన్నాయి, మధ్యలో మారింది ఏముంది, నా మొహం చూసింది, అంతే, శనివారాలు కూడా అంతే కదా, ముందు నా వైపు చూపు, తర్వాత ఏడుపు, ఎప్పుడూ ఆ వరసే, ఏడ్చి చూసేది కాదు, చూసి ఏడ్చేది, నేను దానికి ధైర్యమివ్వడానికి ఆ ఈత నేర్పే చోట బల్ల మీద కూర్చున్నాననుకున్నాను, అది నా మొహం చూసి భయపడాలా వద్దా అని తెలుసుకునేది, నన్ను ఒంటరిగా భయపడనివ్వలేదు నా చిట్టితల్లి, రెండేళ్లు.

అమ్మా అని మళ్లీ పిలిచింది, దూకమ్మా, లూపే ఆంటీ పట్టుకుంటుంది అన్నాను, గొంతులో భయమయితే అలల హోరులో కలిసిపోతుంది, మొహాన్ని ఎక్కడ దాచను, అందుకే వెనక్కి తిరిగి కూర్చున్నాను, సముద్రానికి వీపు పెట్టి, బస్సు కేసి చూస్తూ, లూపే కూతురు సేనీ నా చొక్కా పట్టుకుని లాగింది, మార్నీ వాళ్లమ్మా, అటు కాదు ఇటు, మీ మార్నీ దూకేస్తోంది, మీరు చూడరా, నాకూ చూడాలనే ఉంది, ఎంత ఉందో ఈ చిన్నదానికెలా చెప్పను, లూపే చూస్తుంది, మిస్ ప్రెంటిస్ చూస్తుంది, గట్టు మీద కూర్చున్న లైఫ్‌గార్డ్ కూడా చూస్తాడు, వెనక దభీమని చప్పుడు, ఒక్క గుక్క నిశ్శబ్దం, ఆ తర్వాత దగ్గు, దగ్గులోంచి నవ్వు, ఇంకోసారి ఆంటీ ఇంకోసారి, నేను తిరగలేదు, నేను చూస్తే దూకదమ్మా అన్నాను సేనీతో.