లేబులు గుచ్చుకుంటోంది

నాకు కోపం ఎక్కువంటారు. ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల నడుములు కొలుస్తున్నదానికి కోపం రాకపోతే అదొక రోగమనుకోవాలి. మా వీధిలో కింద వరసంతా అద్దాల షాపులు. రెండు షాపుల మధ్య ఇరుకు మెట్లెక్కి వస్తే నా గది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం. కింద కొన్న బట్టలు పైన నా దగ్గరికొస్తాయి. పొడుగైతే మడిచి కుడతాను, బిగుతైతే కుట్లు విప్పి వదులు చేస్తాను. పెద్ద పెద్ద వ్యాపారస్తుల భార్యలు, టీవీలో వార్తలు చదివేవాళ్లు, సినిమావాళ్లు, అందరూ ఆ మెట్లెక్కినవాళ్లే. ఎక్కాక అందరికీ ఒకేలా ఆయాసం వస్తుంది.

నా గదిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో నాకూ గుర్తులేదు. కొత్త గౌను తెచ్చి, "అంతా బాగానే ఉందండీ, మెడ దగ్గర లేబులు గుచ్చుకుంటోంది, కాస్త చూస్తారా" అంటారు. చూడ్డానికేముంది, దాని మీద ఎక్సెల్ అని ఉంటుంది. అది పీకేసి మీడియం లేబులు కుట్టమని అర్థం. నోరు తెరిచి ఎవరూ అడగరు, నేనూ నోరు తెరిచి సరే అనను. పాత బట్టల నుంచి విప్పిన మీడియం లేబుళ్లు డబ్బాలో దాచుకుంటాను. వాటికెప్పుడూ కరువే. విప్పి పడేసిన ఎక్సెళ్లు మాత్రం చాటలకెత్తొచ్చు. మంగళవారం మీడియం తీసుకెళ్లినావిడ బుధవారం నవ్వుతూ కనిపించేది. ఇందులో ఎవరి సొమ్ము పోయింది అనుకునేదాన్ని.

ఇక హీరోయిన్ సంగతి. పేరు చెప్పను. నడుము కొలత చెప్పబోతున్నాను కాబట్టి పేరు చెప్పడం మర్యాద కాదు. ఆరేళ్లుగా ఆమె బట్టలన్నీ నా దగ్గరికే వచ్చేవి గానీ ఆమె ఎన్నడూ రాలేదు. షాపులకెళితే జనం మీద పడతారని అన్నీ వాళ్లమ్మే కొనేది. కొలతకి ఒక ఆది గౌను సంచిలో పెట్టుకొచ్చి, కొన్నవాటిని ఇస్త్రీ బల్ల మీద పరిచి, "లేబుళ్లు గుచ్చుకుంటున్నాయంటోంది మా అమ్మాయి" అనేది. నేను ఎక్సెల్ విప్పేదాన్ని, మీడియం కుట్టేదాన్ని. అమ్మాయే అడిగిందనుకున్నాను. అమ్మగారి వల్లే నా గదికి సగం పని. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లు వచ్చేవాళ్లు.

ఈ నిప్పుకి గాలి విసిరింది మా ఆడపడుచు. ఒక వారపత్రికలో ఆడవాళ్ల పేజీ రాస్తుంది. ఏ షాపులో తగ్గింపు ధరలు, ఏ రంగు చీరకి ఏ లిప్‌స్టిక్, ఏ హీరోయిన్ ఎవరితో మాటలు మానేసింది, అన్నీ ఆ పేజీలో ఉంటాయి. అవన్నీ నా గదిలో, నా టీ తాగుతూ, నా నోటి నుంచి విన్నవే. నిలువు చారలు సన్నగా చూపిస్తాయని చెప్పింది నేను, అచ్చులో పడింది ఆవిడ ఫొటో కింద. వదిన సొమ్ము ఆడపడుచు దానం. పైగా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు నేను కుట్టి మడత పెట్టిన హీరోయిన్ గౌను తిరగేసి లేబులు చూసింది. నేను సూది నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. ఆ శుక్రవారం పేజీలో పెద్దక్షరాలు: "ఆరేళ్లుగా అదే మీడియం! ఏమిటా రహస్యం?"

అది చదివి వీధి చివర కొత్తగా తెరవబోతున్న షాపువాళ్లకి ఒక బంగారంలాంటి ఆలోచన వచ్చింది. ప్రారంభోత్సవం రోజున హీరోయిన్ గారు హ్యాంగర్ మీది మీడియం గౌను అలాగే తీసి తొడుక్కుని జనం ముందుకొస్తారు, టైలరూ వద్దు, ఆల్టరేషనూ వద్దు అని బోర్డు రాయించారు. ఆ బోర్డు చూసి నా పొట్ట కొడుతున్నారని తిట్టుకున్నానే గానీ అసలు ప్రమాదం ఎక్కడుందో నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఆ రోజు పదకొండింటికి అమ్మగారి ఫోను. "టైలరమ్మా, నన్నడక్కుండానే ఒప్పేసుకుంది మా అమ్మాయి. కత్తెర తీసుకుని కొత్త షాపు వెనక తలుపు నించి రా. ఎవరికీ కనపడకు."

వెళ్లేసరికి ట్రయల్ రూములో ఒక గౌను నిలబడి ఉంది. దాన్లోంచి పైకి రెండు చేతులు, కిందికి రెండు కాళ్లు. తల లేదు. తల గౌను లోపలెక్కడో ఉండి, "ఎవరు?" అంది.

"టైలరమ్మనండి."

"ఓ, మీరేనా. ఇన్నేళ్లుగా మీ పేరే వింటున్నా. ముందు నన్నిందులోంచి బయటికి లాగండి."

అమ్మగారు ఒక పక్క, నేనొక పక్క పట్టి లాగాం. జిప్పు దగ్గర ఎక్కడో చిరిగిన చప్పుడయింది. తల బయటికొచ్చింది. పోస్టర్ల మీద చూసే ముఖమే, కాకపోతే జుట్టు పిచ్చుక గూడయి, కాటుక బుగ్గ మీదికి జారి, మనిషి రొప్పుతోంది. స్టూలు మీద కూలబడి ఆ గౌను లేబులు నాకు చూపించింది.

"ఇది మీడియమా? చిన్నపిల్లల గౌనుకి మీడియం అని కుట్టినట్టున్నారు. అబద్ధపు లేబుళ్లు కుట్టేవాళ్లని ఏం చెయ్యాలి చెప్పండి."

"జైల్లో పెట్టాలి" అంది అమ్మగారు, నా వైపు చూడకుండా.

తలుపవతల మేనేజరు దగ్గాడు. ఇంకో పావుగంటలో రావాలట. తలుపు సందులోంచి చూస్తే బయట నలభై మంది ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, ముందు వరసలో మైకు పట్టుకుని మా ఆడపడుచు. ఈ అమ్మాయి ఆ గౌనులో బయటికి రాకపోతే సాయంత్రానికల్లా ఊరంతా నవ్వుతుంది. పట్టని గౌను ఫొటో కంటే హీరోయిన్‌కి వేరే చావు అక్కర్లేదు.

"మీరు చెప్పండి. మీరు కుట్టినవన్నీ నాకు సరిపోతాయి. ఇది కంపెనీ తప్పే కదా?" అంది.

అమ్మగారు వెనక నుంచి కళ్లతో దండం పెట్టింది. అబద్ధానికి నాకేం కొత్త. "కంపెనీ తప్పేనమ్మా" అన్నాను.

"హమ్మయ్య" అంటూ అమ్మాయి గోడకి జారగిలబడింది. "లావయ్యానేమోనని ప్రాణం పోయింది. నిన్న పొద్దున రెండు బిస్కెట్లు తిన్నాను, అంతే. నాకు అన్నం కలలోకొస్తుందండీ. వంటింట్లోకెళ్లి గిన్నె మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేస్తా. ఇక నావల్ల కాదని ఏడిస్తే అమ్మ బీరువా తెరిచి లేబులు చూపిస్తుంది. ఇంకా మీడియమేనే, నీ కష్టం ఊరికే పోలేదు, ఇంకొన్నాళ్లు ఓర్చుకో అంటుంది."

చెబుతూ మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఆకలికి అదే మందన్నట్టు ఆఖరి చుక్క దాకా గటగటా తాగింది. నాకు ఏడుపొచ్చింది. వెనకే కోపమూ వచ్చింది. ముందు అమ్మగారి మీదికి పోయింది, అట్నుంచి తిరిగొచ్చి నా మీదే పడింది. ఆరేళ్లు ఈ పిల్ల అన్నం గిన్నె మీద మూత పెట్టింది నేనే. అదీ సన్నటి కుట్టుతో, కనపడకుండా. చెబితే అమ్మగారు మళ్లీ నా మెట్లెక్కరు, సగం పని పోతుంది, ఈ సంగతి బయటికి పొక్కితే మిగతా సగమూ పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల రేపు కూడా తినదు.

"కంపెనీ తప్పు లేదమ్మా" అన్నాను. "ఇది మీడియమే. మీది ఎక్సెల్. లేబుళ్లు నేను మార్చాను."

"ఏ లేబుళ్లు?"

"అన్నీ."

ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది. అమ్మగారు గౌను మడత పెట్టడం మొదలుపెట్టింది, అదేదో అర్జెంటు పనైనట్టు. "నువ్వు సంతోషంగా ఉంటావనే కదే చేశాను. ఈ ఫీల్డులో ఒక్క అంగుళం పెరిగితే ఎన్ని మాటలంటారో నీకు తెలీదు. నిన్ను తినొద్దని నేనెప్పుడన్నా అన్నానా?"

"తినమని అన్నావా?"

అమ్మగారు మడత పెట్టిన గౌను విప్పి మళ్లీ మడత పెట్టింది.

"టేపు తియ్యండి" అంది అమ్మాయి నాతో. "కొలిచి, గట్టిగా చెప్పండి."

కొలిచాను. "ముప్పై ఆరు."

"మీడియం అంటే ఎంత?"

"ముప్పై."

"ఆరేళ్ల కిందట నాదెంత?"

"అమ్మగారు తెచ్చిన మొదటి ఆది గౌను ముప్పై ఐదమ్మా. మీరెప్పుడూ మీడియం కాదు. మీ ఎముకే అంత. ఉపాసం ఉంటే ఎముక తగ్గదు."

అమ్మాయి వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "ఆరేళ్లు కడుపు మాడ్చుకుని ఒక అంగుళం పెరిగానా" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మిగిలిన కాటుక కూడా కిందికొచ్చింది.

తలుపు మీద మేనేజరు మళ్లీ కొట్టాడు. నేను కత్తెర తీశాను. ఇంకో మీడియం గౌను తెప్పిస్తే దాని వీపు కోసి దీని వీపులో అతుకు వేస్తానని, వెనక ఓణీ కప్పుకుంటే కనపడదని, సూది కుట్లతో పది నిమిషాల్లో నిలబెడతానని అమ్మగారికి వివరంగా చెబుతున్నాను. అమ్మగారు తల ఊపుతోంది. అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈ షాపులో ఎక్సెల్ లేదా?"

నేనూ అమ్మగారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఉంది. ఒక వరసంతా ఉంది. అది తెచ్చి తొడగొచ్చన్న ఊహ మా ఇద్దరి బుర్రల్లోకీ రాలేదు. ఆరేళ్ల అలవాటు అలాంటిది.

వెనక తలుపు నుంచి దొంగలా వచ్చినదాన్ని ముందు తలుపు నుంచే వెళ్లాను. నలభై మంది చూస్తుండగా వరసలోంచి అదే రకం గౌను ఎక్సెల్‌ది తీశాను. మా ఆడపడుచు కుర్చీలోంచి లేచింది. "వదినా, నువ్విక్కడేంటి? అది ఎవరికి?"

"నీకే. పుట్టినరోజు వస్తోందిగా" అన్నాను.

ఆవిడ కూర్చుంది.

గౌను ఆ అమ్మాయికి అతికినట్టు సరిపోయింది. ఒక్క కుట్టు కూడా వెయ్యనక్కర్లేకపోయింది. ముఖం కడిగి, జుట్టు దువ్వి బయటికి తెస్తే ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు. మా ఆడపడుచు మైకు చాచింది.

"ఆరేళ్లుగా అదే మీడియం. మా పాఠకుల కోసం ఆ రహస్యం చెబుతారా?"

అమ్మాయి తల్లి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. నేను కళ్లు మూసుకున్నాను.

"నాది ఎక్సెల్ అండి. ఎప్పుడూ ఎక్సెలే. మీడియం అన్నది లేబులు. అది మా టైలరమ్మ కుట్టేది. అదుగో, ఆవిడే."

చచ్చాననుకుని కళ్లు తెరిచాను. ఎవరూ నవ్వలేదు. నలభై మందిలో ముప్పై మంది నా మెట్లెక్కినవాళ్లే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరి చెయ్యీ మెల్లగా మెడ వెనక్కి పోతోంది. అందరికంటే ముందు పోయింది మా ఆడపడుచు చెయ్యి. ఇప్పుడు మన లేబుళ్ల సంగతి కూడా చెప్పేస్తుందేమో ఈవిడ అన్నట్టు నన్నే చూస్తున్నారు. నేను పెదవి విప్పలేదు. ఒకరి నడుము సంగతి ఇంకొకరికి చెప్పేదాన్నైతే ఈపాటికి ఈ ఊళ్లో సగం కాపురాలు కూలేవి.

మేనేజరు కంగారుపడి కేకు తెప్పించాడు. అలాంటిచోట హీరోయిన్లు కేకు కోస్తారు, ఫొటో తీయించుకుంటారు, కత్తి కింద పెట్టేస్తారు. తినడం ఆ పద్ధతిలో లేదు. ఈ అమ్మాయి కోసి, ఒక ముక్క తీసి తను నోట్లో పెట్టుకుంది. ఫొటో తీసేవాడు ఆమె ముక్క కింద పెడుతుందేమోనని కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె రెండోది తీసుకుంది. వేళ్లకంటిన క్రీము నాకింది. బుగ్గలు నిండి ఉన్నాయి, కళ్లూ నిండి ఉన్నాయి.

నేను పక్కనే ఉన్నాను. నోటి నిండా కేకుతో నా చెవిలో, "ఇలా తింటే ఇది కూడా పట్టదేమో టైలరమ్మా" అంది.

"తిను తల్లీ. వదులు చెయ్యడమే కదా నా పని" అన్నాను.

అమ్మగారు జనంలోంచి దారి చేసుకుని వచ్చింది. కూతురి మోచెయ్యి పట్టుకుంది. ఆరేళ్లుగా నాలుక చివర ఉన్న మాట ఒకటి ఆవిడ నోటిదాకా రావడం నాకు కనిపించింది. "ఇక చాల..." అంది. కూతురు నమలడం ఆపి తల్లినే చూస్తూ నిలబడింది. అమ్మగారు మోచెయ్యి వదిలేసింది. కత్తి తీసుకుని ఒక ముక్క కోసి కూతురి ప్లేటులో పెట్టింది. చిన్నదే పెట్టింది. కూతురు దాని వైపు చూసి, ప్లేటు అలాగే చాచి పట్టుకుంది. అప్పుడావిడ ఇంకోటి కోసింది.