పింఛను కాగితంలో బోడితల

మునిరామయ్యకు డెబ్బై మూడేళ్ళు. పళ్ళు పోయాయి, మోకాళ్ళు పోయాయి, బంగారుపాళ్యం దగ్గరి మామిడితోటలో సగం పోయింది గానీ తలమీద వెంట్రుక మాత్రం ఒక్కటీ పోలేదు. పొద్దున్నే అద్దం ముందు పావుగంట నిలబడి, నూనె రాసి, పాపిడి తీసి, దువ్వెన జేబులో పెట్టుకుంటే తప్ప ఐరాల వీధిలో అడుగు పెట్టడు. ఆ జుట్టు వాళ్ళ నాయన మునస్వామిది. పోయే నాటికి కూడా ఆయన తలలో దువ్వెన పళ్ళు విరిగేవి.

నాయన జుట్టు తీసుకున్నాడు గానీ నాయన మాట మాత్రం నమ్మలేదు ఈయన.

బర్మాలో యుద్ధం చేశానని చెప్పేవాడు మునస్వామి. పక్కన బాంబు పడి కుడి చెవి పోయిందనేవాడు. కాగితాలేవని అడిగితే, "వానకు తడిసి పోయినాయబ్బా" అనేవాడు. ఊరు ఊరుకుంటుందా? ఊళ్ళో లేని ఆ నాలుగేళ్ళూ ఆయన బెంగుళూరు హోటల్లో దోసెలు పోశాడని, చెవి ఎవడో మేస్త్రీ చెంపదెబ్బకు పోయిందని తేల్చేసి, కోతల మునస్వామి అని పేరు పెట్టింది. బళ్ళో పిల్లలు ఆ పేరుతో ఏడిపిస్తే మునిరామయ్య రెండేళ్ళు కొట్లాడాడు, చొక్కాలు చింపుకున్నాడు. మూడో ఏడు అలసిపోయి, వాళ్ళకంటే ముందు తానే నవ్వడం నేర్చుకున్నాడు. అప్పటినుంచీ టీ అంగట్లో నాయన మీద మొదటి జోకు ఆయనదే.

అక్క శకుంతలమ్మ మాత్రం ఏనాడూ నవ్వలేదు. ఈ ఏడు హైస్కూలు ముందర, ఐరాల మండలం నుంచి మిలిటరీకి పోయినవాళ్ళ పేర్లతో రాతిపలక పెడుతున్నారని తెలిసి ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ పని చూస్తున్నది రిటైరైన హవల్దారు అమర్‌నాథ్. "పేరు చెక్కాలంటే కాగితం సూపించాల, నోటిమాట పనికిరాదు" అని ముందే చెప్పేశాడు. శకుంతలమ్మకు డెబ్బై ఆరు. ఈ పలకమీద పేరు రాకపోతే నాయన ఎప్పటికీ అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడని ఆమె బెంగ. మనవరాలు రూపశ్రీని కూర్చోబెట్టి, పాత మిలిటరీ పింఛన్ల రికార్డులుండే ఆఫీసుకు అర్జీ రాయించింది. నాలుగు నెలలకు జవాబు వచ్చింది.

ఒకే ఒక్క పేజీ. రూపశ్రీ ఫోనులో పెద్దది చేసి చదివింది. "మునస్వామి, తండ్రి వెంకటముని, ఊరు ఐరాల, చిత్తూరు జిల్లా. వేలూరులో చేరినాడు, అక్టోబరు పందొమ్మిది వందల నలభై రెండు. కుడి చెవి వినపడదని మూడేండ్లు పింఛను ఇచ్చినారు. మళ్ళా పరీక్షకు రాలేదని ఆపేసినారు."

శకుంతలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చేరిన దినం చూసిన గుర్తులు గూడా రాసినారవ్వా," అంది రూపశ్రీ. "ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. తల బోడి, వెంట్రుకలు లేవు. నడినెత్తిన నల్లమచ్చ, శెనగ్గింజంత."

"వెంట్రుకలు లేవా?" మునిరామయ్య చెయ్యి దానంతటదే తలమీదికి పోయింది. "అయితే మన నాయన గాదులే."

ఆ మాట అన్నాక ఆయనకు ఊపిరి తిరిగింది. అది నాయన కాగితమే అయితే, అరవై ఏళ్ళుగా తాను వేసిన జోకులన్నీ ఏ మొహం పెట్టుకుని మింగాలి?

ఇంతలో కబురు పంక్చరు షాపు ఢిల్లీబాబు దాకా పోయింది. ఆ ప్రాంతంలో మునీశ్వరుడికి మొక్కుకుని బిడ్డలకు పేరు పెట్టని ఇల్లు లేదు. ఢిల్లీబాబు తాత కూడా మునస్వామే, ఆ తాత నాయన కూడా వెంకటమునే. ఢిల్లీబాబు నేరుగా అమర్‌నాథ్ ఇంటికి వచ్చి, అప్పటికే అక్కడ కాగితం చూపిస్తున్న అక్కాతమ్ముళ్ళ ఎదురుగానే టోపీ తీశాడు. తల నున్నగా మెరిసింది.

"మా తాత బోడి, మా నాయన బోడి, నన్ను సూడండి. ఆ కాగితం మాదే. మా తాత గూడా కొన్నేండ్లు ఊర్లో లేడంట."

"మీ తాతకు చెవుడుండెనా?" అన్నాడు అమర్‌నాథ్.

"రెండు చెవులూ వినపడేవి గాదు. దాంట్లో కుడిది గూడా ఉండాది గదన్నా."

"నెత్తిన మచ్చ?"

"సూసినోళ్ళు ఇప్పుడెవురుండారు? ఉండే ఒక్క ఫొటోలో తలమీద ఫ్లాష్ పడి తెల్లగా ఉండాది."

అమర్‌నాథ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మనిషి ఒకడు, అడిగేది రెండిండ్లోళ్ళు. తేలిందాకా పేరు ఆపుతా. పంద్రాగస్టుకు ఇంకా పది దినాలుండాది."

ఇంటికి నడుస్తూ శకుంతలమ్మ వీధి మలుపులో ఆగింది.

"రామా, అమ్మ ఎన్నిసార్లు బతిమాలినా నాయన కొండమీద గుండు కొట్టించుకోలా. ఎందుకని సెప్పేవాడు?"

గుర్తులేకేం? టీ అంగట్లో అది ఆయనకు బాగా పేరు తెచ్చిన జోకు. నాయన గొంతు పెట్టి మరీ చెప్పేవాడు. ఇప్పుడూ అదే గొంతుతో మొదలుపెట్టాడు. "నేను ముందే ఇచ్చేసినానబ్బా. యుద్ధానికి పోతా పోతా, నన్ను ప్రాణంతో తిరిగి పంపించు సామీ అని జుట్టిచ్చి, కొండ దిగి నేరుగా వేలూరు రైలెక్కినా. ఆయన మాట తప్పలే, నేనూ తప్పలే. మళ్ళా ఎందుకు..."

మాట అక్కడే ఆగిపోయింది.

కొత్త గుండుతో పోయినవాడికి వేలూరులో ఏమని రాస్తారు? ఎదురుగా కనిపించింది రాస్తారు. తిరుపతి పక్కన పుట్టి, వారానికి పది గుండ్లు చూస్తూ బతికినవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు. మునిరామయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

వెనక్కి పోయి అమర్‌నాథ్‌కు చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, "నాకూ నిజమే అనిపిస్తాండాదన్నా. కానీ ఇది గూడా నోటిమాటే గదా," అన్నాడు.

ఆ సాయంత్రం శకుంతలమ్మ సంచి సర్దింది. "రేపు కొండకు పోతాండా. నాయన కాగితం తేలాలని మొక్కుకుని నా జుట్టిస్తా."

మునిరామయ్య అక్క తల చూశాడు. పిడికెడు కూడా లేని తెల్లటి ముడి. ఆయన తట్టుకోలేకపోయాడు.

"నీది వద్దక్కా. నేనిస్తా."

"నువ్వా? ఆ జుట్టా?"

"నాయన్ను అబద్ధాలకోరన్నది నేను. ఇచ్చేది గూడా నేనే."

మర్నాడు తిరుమల కల్యాణకట్టలో మునిరామయ్య దువ్వెన తీసి రూపశ్రీ చేతిలో పెట్టాడు. ఆపరేషనుకు పోయేవాడు ఉంగరం తీసి ఇచ్చినట్టే ఇచ్చాడు. రూపశ్రీ పెదవి బిగబట్టుకుంది గానీ, వెనక్కి తిరిగాక నవ్వింది. లోపల కత్తి పట్టిన మనిషి తలమీద నీళ్ళు పోసి, నాలుగు గీతలు గీసి ఆగాడు.

"తాతా, కదలొద్దు. నడినెత్తిన మచ్చ ఉండాది, తెగుతాది."

"ఏం మచ్చ?"

"నల్లమచ్చ. శెనగ్గింజంత. ఇన్నేండ్లూ నీకు తెలీదా?"

ఎలా తెలుస్తుంది? ఎవడి నడినెత్తి వాడికి కనబడదు. పుట్టెంట్రుకలు తీసినప్పుడు చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆ తరువాత నాయన కర్మకు కూడా గుండుకు ఒప్పుకోలేదు కాబట్టి, ఆ జుట్టు దాటి లోపలికి చూసినవాడు లేడు. నీళ్ళు కారుతున్న తలతోనే బయటికి వచ్చి, అక్క ముందు వంగి నిలబడ్డాడు. శకుంతలమ్మ వేలు నెత్తిమీద తడుముతూ పోయి ఒకచోట ఆగింది. రూపశ్రీ ఫొటో తీసి చూపిస్తే, "నాయనా" అని ఒక్క మాట అని ఆ మెట్లమీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఐరాలలో ఢిల్లీబాబు అంత సులువుగా వదల్లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, సిరా అనుకుని బొటనవేలితో రుద్ది చూశాడు. తడిగుడ్డతో తుడిచి చూశాడు. చివరికి నిట్టూర్చి, "పోనీలే మామా. మా ఇంట్లో మూడు తరాలుగా తలమీద ఏమీ లేదు, మచ్చ గూడా," అని టోపీ పెట్టుకున్నాడు. అమర్‌నాథ్ అప్పటికప్పుడే పేరు రాసుకున్నాడు. ఇంత దగ్గరగా ఉన్న సాక్ష్యం తన సర్వీసులో చూడలేదన్నాడు.

పంద్రాగస్టు రోజు ఎవరూ ఎగతాళి చేయకుండా రూపశ్రీ ఆయనకు తెల్లటోపీ కొని ఇచ్చింది. మునిరామయ్య దాన్ని దువ్వెన జేబులో పెట్టుకుని, బోడితలతోనే స్కూలుకు వచ్చాడు. పలకమీద ఏడో పేరు మునస్వామి. శకుంతలమ్మ ఆ అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది. టీ అంగటి గుంపు దగ్గరికి వస్తే, ఈసారి మునిరామయ్య ముందుగా నవ్వలేదు. ఒక్కొక్కరి ముందు తల వంచి, "సూడండప్పా, మా నాయనది" అన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు రూపశ్రీ అంది. "రెండు నెలల్లో నీ జుట్టు నీకొచ్చేస్తాదిలే తాతా. మచ్చ మళ్ళా మూసుకుపోతాది."

మునిరామయ్య నడక ఆపి నెత్తి తడుముకున్నాడు.

"మూసుకుపోతే మళ్ళా కొండకు పోదాం," అన్నాడు.