బొంబాయి అడుగులు

నూలు చుట్టే కండె నిండింది. కొమురయ్య దాన్ని బొటనవేలితో నొక్కి చూసి బుట్టలో వేశాడు. ఖాళీ కండెను కదురుకు తగిలించి దారం కొస అందించాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. తెగిన పోగు కంటికి ఆనడం లేదని రెండేళ్ల కిందట షెడ్డు ఆసామి ఆయన్ను సాంచాల మీది నుంచి, అంటే కరెంటు మగ్గాల మీది నుంచి, తప్పించి కండెల పనిలో కూర్చోబెట్టాడు. సిరిసిల్లలో ఒక వీధిలోని ఆ షెడ్డులో ఆయన వెనక పదహారు సాంచాలు నేస్తూనే ఉంటాయి. ఆ మోతకు బల్ల కింద ఆయన పాదాలు కదులుతుంటాయి. ఎడమకు, కుడికి, వెనక్కి ఒకటి, ముందుకు ఒకటి. చూసినవాళ్లు వణుకు అనుకుంటారు.

అది వణుకు కాదు, జైవ్. బొంబాయి మిల్లులో పనిచేసిన పన్నెండేళ్లలో నేర్చుకున్న డాన్సు. వాళ్లు అద్దెకున్న చాల్ మేడలో కింది గదిలో ఫ్రాన్సిస్ అనే గోవా ఆయన బాకా ఊదేవాడు. అది యుద్ధం నాటి సోల్జర్లతో ఓడ దిగిన డాన్సని, తన తండ్రి కాలంలో పట్నమంతా దానికే ఊగిందని చెప్పేవాడు. తర్వాత ట్విస్టు వచ్చింది, చాచాచా వచ్చింది. కొన్నాళ్లకొకటి వచ్చి పోయేది. కొమురయ్య కాళ్లకు మాత్రం ఆ పాతదే పట్టింది. దాన్ని తమ గదిలో తలుపేసి భార్య లసుమవ్వకు నేర్పాడు. "నాడె పోయినట్టు పో. నాడె మర్లినట్టు రా," అనేవాడు. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెను పుట్టినప్పటి నుంచి చూసిన మనిషి లసుమవ్వ. ఆమెకు రెండో రోజుకే వచ్చేసింది.

మిల్లులు మూతపడి ఇంటికి వచ్చిన ఏడాది కోరుట్లలో ఆమె తమ్ముడి పెళ్లి. బరాత్‌లో బ్యాండు వాయిస్తుంటే కొమురయ్య మైమరచి ఆమె చెయ్యి పట్టి గిర్రున తిప్పాడు. జనం ఈలలు వేశారు. ఆమె తండ్రి పెళ్లి అన్నం ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి లసుమవ్వ డాన్సుకు చెయ్యి ఇవ్వలేదు. నలభై ఏళ్లుగా ఆయన అప్పుడప్పుడు అడుగుతూనే ఉన్నాడు. ఈ మధ్య ఎడమ చెయ్యి లాగుతోంది, నాలుగడుగులకే ఆయాసం వస్తోంది. ఒక్కసారి ఆడితే చాలనుకుంటున్నాడు.

ఆ రోజు పదకొండింటికి మనవరాలు సౌమ్య వచ్చింది. జగిత్యాల హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. కాలేజీ ఫంక్షన్‌కు అమ్మాయిలు జతలుగా చేసే డాన్సులో తనకు అడుగులు పడటం లేదని, రేపటికి రాకపోతే తీసేస్తామన్నారని చెప్పి, ఫోన్‌లో రీల్ చూపించింది. కొమురయ్య కళ్ల దగ్గర పెట్టుకుని రెండుసార్లు చూశాడు.

"గిది మాదే బిడ్డా," అన్నాడు.

సాంచాల మధ్య సందులో ఆమె చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాడు. కుదరలేదు. ఆ పిల్ల పాటకు అడుగు వేస్తోంది, ఆయన సాంచె దెబ్బకు వేస్తున్నాడు. మోకాళ్లు తగిలాయి. నువ్వు నా బాకా వినవు, నీ మిల్లునే వింటావని ఫ్రాన్సిస్ కూడా నవ్వేవాడు. నా లెక్క మీ అవ్వకు తప్ప ఎవరికీ కలవదని ఆయన సౌమ్యతో అన్నాడు.

ఒంటిగంటకు లసుమవ్వ అన్నం గిన్నె తెచ్చింది. అంతలోనే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగాయి. పనివాళ్లు చాయ్‌కి బయటికి వెళ్లారు. షెడ్డులో ముగ్గురే మిగిలారు.

"అవ్వా, తాతతోని నువ్వే కలుస్తవట. ఒక్కసారి చూపియ్యవా?" అంది సౌమ్య.

"మీ తాత కాళ్లు బొంబైలనే మర్చిపోయచ్చిండు. నన్నేం జెయ్యమంటవ్?"

"ఇప్పుడు మంది లేరు గదనే," అన్నాడు కొమురయ్య.

ఆమె గుమ్మం వైపు చూసింది. గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకు దోపింది. "సప్పుడే లేకపాయె, ఎట్లాడుతవయ్యా?" అని, తనే నాలుకతో టక్కుటక్కుమని సాంచె మోత మొదలుపెట్టింది. చెయ్యి అందించింది.

ఆయన వదిలితే పోయింది, లాగితే వచ్చింది. మోకాలి నొప్పికి కొంచెం కుంటింది, కానీ లెక్క తప్పలేదు. గిర్రున తిరిగినప్పుడు నవ్వింది. అవ్వ అలా నవ్వడం సౌమ్య ఎన్నడూ చూడలేదు.

"ఇగ సాలు. మా నాయిన సూస్తె మల్ల తినకుంట పోతడు," అని లసుమవ్వ ఆగిపోయింది.

కొమురయ్య ఆయాసపడుతూ నేల మీద కూర్చున్నాడు. అడుగులు మరిచిపోతావు, గీసి ఇస్తానని సౌమ్యతో చెప్పి, గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం సుద్ద తీసుకున్నాడు. అవ్వా మనవరాలూ నీళ్లకని బయటి నల్లా దగ్గరకు వెళ్లారు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కరెంటు వచ్చింది, పనివాళ్లు వచ్చారు, సాంచాలు మోగుతున్నాయి. కొమురయ్య నూలు సంచికి ఆనుకుని తల వాల్చి ఉన్నాడు. సౌమ్య రెండుసార్లు పిలిచింది. మోతలో వినపడలేదేమో అనుకుంది. లసుమవ్వ వంగి సుద్ద అంటిన ఆ చెయ్యి పట్టుకుంది. నాడి అందలేదు. ఎవరో సాంచాలు ఆపించారు. అందరూ చుట్టూ చేరారు. ఆమె చెయ్యి వదల్లేదు.

సాయంత్రం ఆయన్ను ఇంటికి మోసుకెళ్లాక సౌమ్య ఆయన చెప్పుల కోసం షెడ్డుకు వచ్చింది. సిమెంటు నేల మీద నీలం పాదాలు వరుసగా ఉన్నాయి. నాలుగు జతలు నిండుగా గీసి ఉన్నాయి. ఐదో జతలో ఎడమ పాదం ఒక్కటే ఉంది, దాని మీద సన్నగా దూది నూగు రాలి ఉంది.