ఫొటోలో ఇద్దరే ఉండాలట

మా నింగ్ అమెరికాలో డేలీ సిటీ అనే ఊళ్ళో సగం వీధులకు ఉత్తరాలు పంచుతుంది. భుజాన సంచీ, తల మీద టోపీ, వెనకాల మొరిగే కుక్కలు. ఊరందరికీ కరెంటు బిల్లులూ పెళ్ళి పిలుపులూ మోసుకెళ్ళే ఆ పిల్లకి, సొంతింటికి రావలసిన ఒక్క ఉత్తరం మాత్రం నెలల తరబడి రాలేదు. దాని మొగుడు టోటో ఈ దేశంలో ఉండొచ్చో కూడదో తేల్చే గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకి పిలుపు అది.

"రోజూ అన్ని ఉత్తరాలు నీ చేతి మీదుగా పోతాయి కదే! మనది ఎక్కడుందో కాస్త వెతకకూడదూ?" అని నేను సతాయించేదాన్ని.

"మన వీధి నాది కాదు టీటా! ఇంకొకళ్ళది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అది ఒంటికాలి మీద లేచేది.

టీటా అంటే నేనే. మా ఫిలిప్పీన్స్‌వాళ్ళు పిన్నినైనా అత్తనైనా అలాగే పిలుస్తారు. పేరు రెమెడియోస్, వాడుకలో మెడింగ్. నింగ్ మా అక్క కూతురు. అక్క పోయాక దాన్ని మనీలా నుంచి తెచ్చుకుని, ఆసుపత్రి వంటశాలలో గరిటె తిప్పుతూ పెంచాను. నాకు పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ పిల్లే నా సంసారం. ఇంట్లో మాతోపాటు మా తమ్ముడు అంబో ఉంటాడు. వాడికి బాల్కనీలో చేపలు ఎండబెట్టడం, ఆ వాసనకి పక్కింటివాళ్ళు తిడితే పడటం తప్ప వేరే పనిలేదు.

టోటో ఎలా దొరికాడంటారా? నింగ్ చుట్టాల పెళ్ళికని మా దేశంలో ఇలోయిలో అనే ఊరికి వెళ్ళింది. దీవికి పోయే పడవ నడి సముద్రంలో ఆగిపోయింది. అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే ఒక్కడు మాత్రం చొక్కా విప్పి ఇంజను విప్పాడట. పడవ కదిలింది. మా పిల్ల తిరిగొచ్చింది గానీ ఫోను చెవి నుంచి దించలేదు. చివరికి వాడు పెళ్ళి వీసా మీద వచ్చాడు, పెళ్ళీ చేసుకున్నాడు. అక్కడి నుంచి మొదలైంది మాకు ఎదురుచూపు.

కార్డు సంగతి తేలేదాకా దేశం దాటకూడదు. పని చేసుకునే అనుమతి కూడా ఇంకా రాలేదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, ఏం చేస్తాడు? వీధిలో చెడిపోయిన రైస్‌కుక్కర్లన్నీ మా గరాజుకి వచ్చిపడ్డాయి. పాటలు పాడుకునే మైకులు, కుట్టుమిషన్లు, ఒకసారి చర్చి ఫాదర్ గారి వినికిడి యంత్రం కూడా. "ఒక్క డాలరు పుచ్చుకున్నావో, విమానం ఎక్కించేస్తారు" అని వీధి చివరింటి పాసింగ్ బెదిరించింది. ఆవిడ మేనల్లుళ్ళు ముగ్గురికీ కార్డులొచ్చాయి, కాబట్టి మా వీధికంతటికీ ఆవిడే లాయరు. టోటో డబ్బు వద్దనేసరికి జనం తిండి తెచ్చి పెట్టడం మొదలెట్టారు. నూడుల్సు, పంది మాంసం, బియ్యప్పిండి పిట్టు. ఫ్రిజ్ తలుపు పడేది కాదు. నాకు రెండు జాకెట్లు బిగుతయ్యాయి.

మొదట్లో నాకూ అనుమానమే. కార్డు కోసం పిల్లని బుట్టలో వేసుకున్నాడేమో అని గద్దలా కాపలా కాశాను. వాడు మాత్రం మధ్యాహ్నమయ్యేసరికి వేడన్నం, చింతపండు పులుసు మూత డబ్బాలో పోసుకుని, పొగమంచులో నడుచుకుంటూ నింగ్ ఏ వీధిలో ఉంటే ఆ వీధికి వెళ్ళేవాడు. దానికి చల్లన్నం దిగదు. ఇక అనుమానించడానికి నాకు మొహం చెల్లలేదు.

చివరికి పిలుపొచ్చింది. ఉత్తరం పట్టుకుని నింగ్ కుర్చీలో కూలబడింది. నవ్వుతుందనుకుంటే దాని పెదవులు వణికాయి.

"వాళ్ళు కాదంటే ఏం చేస్తావే?" అని అడగకూడనిది అడిగేశాను.

"వాడు ఎక్కిన విమానమే నేనూ ఎక్కుతాను. అక్కడా ఉత్తరాలుంటాయి, టీటా."

ఇది వెళ్ళిపోతే నేనెవరి మీద అరవాలి? ఎవరి అన్నం చల్లారిపోతోందని గోల పెట్టాలి? అంబోతో కలిసి ఎండుచేపలు తిప్పుకుంటూ బతకాలా?

వెంటనే పాసింగ్‌ని పిలిచాను. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆవిడ మా ఫొటోలన్నీ తిరగేసింది.

"ఇవేం ఫొటోలు మెడింగ్? పెళ్ళికొచ్చిన జనమంతా ఉన్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉన్నది ఒక్కటీ లేదేం? ఆఫీసరు మొదట అడిగేది అదే."

ఎలా ఉంటుంది? వాళ్ళిద్దరూ నిలబడి ఫోను ఎత్తగానే నేను పరిగెత్తుకెళ్ళి మధ్యలో దూరతాను. అప్పుడు ముగ్గురవుతాం. ఫొటోలో ముగ్గురుంటే మధ్యలో ఉన్నవాళ్ళు ముందు పోతారని మా అమ్మమ్మ కాలం నుంచీ భయం. నేను పోదలుచుకోలేదు. అందుకని "అంబో! రారా!" అని కేకేస్తాను. వాడొస్తే నలుగురం. నలుగురం నిలబడితే దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి చేరతారు. అందరికీ చోటు చాలక టోటో ఒక చివరికీ నింగ్ ఇంకో చివరికీ పోతారు. పెళ్ళి ఫొటోలో అయితే వాళ్ళిద్దరి మధ్యా నా టోపీ ఉంది.

"అయితే తీస్తే పోయె! దానికంత హైరానా దేనికి?" అన్నాను.

ఆ శనివారం ఇల్లు పీకి పందిరేశాను. పొద్దున్నే టోటోని గడ్డం గీసుకోమని తొందరపెడితే పాపం కోసుకున్నాడు. ప్లాస్టరు అంటించి నిలబెట్టాను. క్రిస్మస్ దీపాలు వేలాడదీసి ఎర్ర స్వెటర్లలో ఒకటి. దీపాలు పీకేసి, కేకు పెట్టి నింగ్ పుట్టినరోజు ఒకటి. కొవ్వొత్తులు మార్చి టోటో పుట్టినరోజు ఇంకొకటి. మధ్యాహ్నం పసిఫికా బీచికి తోలుకెళ్ళి, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే టీషర్టులతో నిలబెట్టాను. వాళ్ళిద్దరూ నవ్వి నవ్వి ఇసకలో కూలబడ్డారు.

"చాలా బాగున్నాయి గానీ, ఇవి మాత్రం అక్కడ ఇవ్వొద్దు టీటా. అబద్ధమవుతుంది" అంది నింగ్.

"సరేలే, సరేలే" అన్నాను. అది స్నానానికి వెళ్ళగానే వాటన్నిటినీ ఇంటర్వ్యూ కాగితాల కవరులో అన్నిటికంటే పైన పెట్టేశాను. పిల్లలకేం తెలుసు అనుకున్నాను.

ఇంటర్వ్యూకి నేనూ బయల్దేరాను. మా సంపాదన చూపించిన పూచీ కాగితంలో నా సంతకమూ ఉంది కాబట్టి, రానక్కరలేదన్నా వినలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. నేను బయట జపమాల తిప్పుతూ కూర్చున్నాను. మాతోపాటు వచ్చిన జంటలు నవ్వుకుంటూ వెళ్ళిపోతున్నాయి. మావాళ్ళు రారే! ఎంతకీ తలుపు తెరుచుకోదే!

ఎట్టకేలకు నింగ్ ఒక్కతే వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందే? వాడేడీ?"

"ఫొటోలు ఎవరు పెట్టారు టీటా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆవిడ మమ్మల్ని విడదీసి అడుగుతోంది. నాది అయింది. ఇప్పుడు టోటో వంతు."

నిజమైన పెళ్ళిని నా చేతులతో నేనే దొంగ పెళ్ళి చేసి పెట్టాను! జపమాల ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కాసేపటికి తలుపు తెరుచుకుని, "రెమెడియోస్ గారెవరు?" అని వినిపించింది.

ఆఫీసరమ్మకి నా వయసే ఉంటుంది. నెరిసిన జుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు. బల్ల మీద నా శనివారం మొత్తం పరిచి ఉంది.

"క్రిస్మస్‌కీ, బీచిలోనూ, రెండు పుట్టినరోజులకీ ఈయన గడ్డం మీద ఒకటే ప్లాస్టరుంది" అంది. "ఏడాదంతా మానని గాయమా అది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. టోటో మొహం గుర్తొచ్చి మింగేశాను.

"అన్నీ ఒక్కరోజే తీశాను తల్లీ. వద్దని పిల్ల మొత్తుకుంది. దానికి తెలియకుండా కవరులో పెట్టింది నేను. పెళ్ళి నిజం. ఫొటోలే నావి. శిక్ష వేస్తే నాకు వెయ్యి, ఆ పిల్లాణ్ణి పంపకు."

"ఆయనా ఇదే చెప్పారు, ప్లాస్టరు గురించి అడగ్గానే. అసలు ఫొటోలు చూపించండి."

ఫోను తీసి ఇచ్చాను. ఆవిడ వేలితో జరుపుతూ పోయింది.

"ఇందులో వాళ్ళిద్దరూ ఎక్కడ?"

"ఇదిగో, ఈ చివర పిల్ల. ఆ చివర, మా అంబో మోచేతి వెనకాల కనిపిస్తున్న చెవి ఉందే, అది మావాడిది."

"ఎప్పుడూ ఇంతమందేనా?"

ముగ్గురి సంగతి చెప్పాను. మధ్యలోవాళ్ళు పోతారనీ, అందుకే నాలుగో మనిషిని పిలుస్తాననీ. ఆవిడ పెన్ను కింద పెట్టి నా మొహం చూసింది.

"మీరు దూరకపోతే ఇద్దరే ఉండేవాళ్ళు కదండీ?"

ఎంత తేలిగ్గా అందో! ఇన్నాళ్ళూ ఆ ముక్క నా బుర్రకి తట్టనే లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"సరే, ఒకటి చెప్పండి. వాళ్ళు దేని గురించి గొడవ పడతారు?"

"గొడవా!" ఇక్కడ మాత్రం ధైర్యం వచ్చింది. "ఒక్కనాడూ లేదు తల్లీ. ఒకే ఇంట్లో ఉంటాను, నాకు తెలియదా? వాడిది ఇలోయిలో ఊరు. అక్కడివాళ్ళు తిట్టినా జోల పాడినట్టే ఉంటుంది."

ఆవిడ నవ్వు ఆపుకుంది. "ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆదివారం ఆదివారం కారు కడిగే వంకతో అందులో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని గొడవ పడతారట. ఎప్పుడూ ఒకటే గొడవ."

"దేని గురించి?"

"వాళ్ళనే అడగండి. కూర్చోబెట్టి నేర్పించే గొడవైతే కాదది."

తరవాత ఇద్దరినీ పిలిచింది. ఇంకెప్పుడూ ఇలాంటి ఫొటోలు ఇవ్వొద్దని ముగ్గురికీ కలిపి చివాట్లు పెట్టింది. నాకు రెండు ఎక్కువే పడ్డాయి. ఆ తరవాత, "మంజూరు చేస్తున్నాను. కార్డు పోస్టులో వస్తుంది" అంది.

పోస్టులో అనగానే మా నింగ్ ఏడుపూ నవ్వూ కలిసిన కేక ఒకటి పెట్టింది. టోటో లేచి ఆఫీసరమ్మ చెయ్యి పట్టుకుని మావాళ్ళు పెద్దలకి దణ్ణం పెట్టేటట్టు నుదుటికి ఆనించుకున్నాడు. ఆవిడకేమీ అర్థం కాలేదు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాం. నేను తాళాలు ఇవ్వలేదు.

"ఏ గొడవరా అది?"

ఇద్దరూ చెప్పులు చూసుకున్నారు.

"నువ్వు చెప్పు" అంది నింగ్.

"నువ్వే చెప్పు" అన్నాడు వాడు.

"చెప్పకపోతే ఇక్కడే నిలబెట్టి పాట పాడిస్తా ఇద్దరిచేతా!"

నింగ్ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "కార్డు వస్తే వేరే గది చూసుకుందాం అంటాను, టీటా. మా ఇద్దరికీ అని. చిన్నదైనా ఫర్వాలేదు. తలుపు వేసుకుంటే ఎవరూ తట్టనిది."

"నేను వద్దంటాను" అన్నాడు టోటో, వాడి జోల గొంతుతో. "మీరు ఒంటరిగా ఉంటే సరిగ్గా తినరు. పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలో తినేస్తారు. నేను చూశాను. ఎక్కడికీ వెళ్ళం టీటా, మీరేం బెంగపెట్టుకోకండి."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. నా తిండి సంగతి కోసం వీళ్ళు ఆదివారాలన్నీ కారులో అద్దాలెక్కించుకుని కొట్టుకున్నారా? వాణ్ణి పంపేస్తే నా పిల్ల పోతుందని ఇన్నాళ్ళూ హడలి చచ్చాను. వాణ్ణి ఉండమన్న ఈ పూటే దాన్ని నేను పంపాల్సి వచ్చింది! పెంచినప్పుడు ఇంత కష్టం లేదు. వాళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేక ముక్కు గట్టిగా చీదాను.

తాళాలు టోటో చేతిలో పెట్టబోయి, వాడికి లైసెన్సు లేదని గుర్తొచ్చి నింగ్ చేతిలో పెట్టాను.

"ఎటైనా తిరిగి రండి. చీకటి పడేదాకా ఇంటి ఛాయలకి రావద్దు."

"నువ్వెక్కవా?"

"నేను బస్సులో వస్తా."

"చలిగా ఉంది టీటా" అన్నాడు టోటో, తన కోటు విప్పుతూ.

"నోర్ముయ్యరా. ఎక్కు."

కోటు నా భుజాల మీద వేసే వెళ్ళాడు, మొండి వెధవ. కారు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. పక్క సీటు ఖాళీ. కాసేపు ఏడ్చుకున్నాను, బస్సులో నన్నెవరు పట్టించుకుంటారు కనక. తరవాత కళ్ళు తుడుచుకుని పాసింగ్‌కి ఫోన్ చేశాను.

"వచ్చిందా? వచ్చిందా?" అని అవతల నుంచి ఒకటే కేకలు.

"వచ్చింది గానీ, నీ మేడ మీద గది ఖాళీగా ఉందా?"

"ఉంది. నీకెందుకే ఇప్పుడు? ఎవరికి?"

"మా పిల్లలకి" అన్నాను. "ఇద్దరికే."