ఎడమవైపు కారు

హోబర్ట్ ప్రూయిట్ పేరు నార్త్ కరోలినా కొండల్లో ఒకప్పుడు తెలియనివాళ్ళు లేరు. నూలుమిల్లులో తెగిన దారాలు ముడేసే పని వదిలేసి, తుక్కులో దొరికిన పాత ఫోర్డు కారును తమ్ముడు గార్నెట్‌తో కలిసి బాగుచేసుకుని, ఊరి బయట ఎర్రమట్టి ట్రాకు మీదికి దిగినవాడు. కొన్నేళ్ళకే పెద్ద పెద్ద తారు ట్రాకుల మీద, ఇసకేస్తే రాలని జనం ముందు గెలిచాడు. తర్వాత రేసులకి డబ్బు పెట్టే కార్ల కంపెనీలు చేయి వెనక్కి తీసుకున్నాయి. హోబర్ట్ తిరిగి మట్టి ట్రాకుకే వచ్చాడు. నలభై దాటినా శనివారం వచ్చిందంటే గెలుపు అతనిదే.

భార్య వర్నా ప్రతి రేసుకీ వచ్చేది కానీ చూసేది కాదు. ట్రక్కులో తలుపులు వేసుకుని కూర్చుని ఇంజను చప్పుళ్ళు వినేది. అంత గోలలోనూ మొగుడి కారు చప్పుడు ఆమెకి విడిగా వినిపించేది.

ఒక వసంతంలో అతని కారు ట్రాకు గోడకి కొట్టుకుని పల్టీలు కొట్టింది. ఎముకలేవీ విరగలేదు. వారం తిరక్కుండానే మళ్ళీ స్టీరింగు పట్టాడు. అయితే అప్పటినుంచి కాస్త దూరంలో ఉన్నదల్లా రెండుగా కనిపించడం మొదలైంది. కరెంటు స్తంభాలు రెండు, చర్చి గోపురాలు రెండు, ముందు పోయే కార్లు రెండు. ఎవరికీ చెప్పకుండా కొండదారుల్లో తిరిగి తిరిగి ఒక సంగతి కనిపెట్టాడు. ఎడమవైపు కనిపించేదే అసలుది. కుడివైపుది లేదనుకుని నడిపితే సరి. అలా నడిపి వేసవంతా గెలిచాడు.

గార్నెట్ మాత్రం పసిగట్టాడు. ఒకరోజు తను బల్లకి అటువైపునుంచి పానా అందిస్తే, అన్న దాన్ని పట్టుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నాడు.

“అన్నా, డాక్టరు దగ్గరికి పోదాం పద.”

“పోతే ఆయన నన్ను కారెక్కనివ్వడు. మళ్ళీ మిల్లుకి పోయి దారాలు ముడేద్దామా ఇద్దరం?”

గార్నెట్ పానాను అన్న అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఇంజను దగ్గరికి వెళ్ళిపోయాడు.

లమార్ కోల్ హోబర్ట్‌కి మిల్లు రోజులనుంచీ స్నేహితుడు. మంచి డ్రైవరే గానీ ఎప్పుడూ రెండోస్థానం దాటలేదు. ఆగస్టులో ఆ శనివారం సాయంత్రం కార్లు వరసకట్టేముందు లమార్ వచ్చి హోబర్ట్ కారు కిటికీలోకి తల దూర్చాడు.

“ఏరా ముసలోడా, ఇవాళైనా నన్ను ముందు పోనిస్తావా? ఓడొస్తే మా ఆవిడ ఐవా గుమ్మం ఎక్కనివ్వనంది.”

“నా వెనకాలే రా. కడుపునిండా దుమ్ము పెడతాను. నీకు రాత్రికి వంట చెయ్యక్కర్లేదని ఐవాకి చెప్పు.”

లమార్ నవ్వుకుంటూ వెళ్ళాడు.

రేసు సగం నడిచాక మలుపులో లమార్ కారు జారి, అడ్డంగా తిరిగి ఆగిపోయింది. దుమ్ములోంచి వచ్చిన హోబర్ట్‌కి అడ్డంగా రెండు కార్లు కనిపించాయి. ఎడమదాన్ని తప్పించుకుని కుడివైపుకి తిప్పాడు. మలుపులో తల ఒక పక్కకి వాల్చి ఉన్నాడు. తల వాల్చేసరికి లెక్క తారుమారైంది. అతను లేదనుకున్న కారే అక్కడ ఉంది. లమార్ కూర్చున్నవైపు తలుపునే నేరుగా గుద్దాడు.

ఆ చప్పుడికి వర్నా ట్రక్కు దిగి పరుగెత్తింది. ఆమె వెళ్ళేసరికి హోబర్ట్ మోకాళ్ళ మీద కూలబడి, స్నేహితుడి తలను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. లమార్‌లో ప్రాణం లేదు.

దుమ్ములో కనపడలేదన్నారు అందరూ. ట్రాకువాళ్ళూ అదే రాసుకున్నారు. అంత్యక్రియలప్పుడు ఐవా అందరిముందూ హోబర్ట్ భుజం మీద చెయ్యి వేసింది. “నీ తప్పేం లేదు. అంత దుమ్ములో ఎవరికి మాత్రం కనబడుతుంది? దేవుడు పిలిచాడు, వెళ్ళాడు,” అంది. గార్నెట్ తల తిప్పుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండునని హోబర్ట్ అనుకున్నాడు.

ఆ మాట అతన్ని తిననివ్వలేదు. ముందు వర్నాకి చెప్పాడు. ఆమె ఏడవలేదు. చర్చిలో అతను ఒక కన్ను మూసి గోడమీది పాటల పట్టిక చదవడం తను ఎప్పుడో చూశానని, అడగడానికి భయపడ్డానని మాత్రం చెప్పింది. ఐవాకి చెప్పొద్దని గార్నెట్ బతిమాలాడు. చెబితే పోయినవాడు తిరిగొస్తాడా అన్నాడు.

హోబర్ట్ వెళ్ళాడు. ఐవా వసారాలో చిక్కుడుకాయలు వలుస్తోంది. కుర్చీ జరిపి, చల్లటి తీపి టీ, పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపిరొట్టె ముక్కా తెచ్చిపెట్టింది. అతను వాటిని ముట్టుకోకుండా అంతా చెప్పేశాడు.

ఆమె చేతులు ఆగలేదు. “లమార్‌కి తెలుసా?”

“తెలీదు.”

“గార్నెట్‌కి?”

హోబర్ట్ చూపు పళ్ళెం మీదికి దించాడు. ఐవా ఇంకో కాయ వలిచింది.

“దుమ్మే చంపిందనుకుని ఎలాగో కాస్త కన్ను మూస్తున్నాను. అది కూడా లేకుండా చేశావు. నీ గుండెబరువు దించుకోడానికి నా వసారానే దొరికిందా?”

“నిజం నీకు తెలియాలని...”

“రేసుకి ముందు చెప్పాల్సింది. ఆయనకి చెప్పాల్సింది.” అని లేచి టీ గ్లాసు తీసింది. “మా పిల్లకి మాత్రం చెప్పకు. ఊళ్ళో ఎవరికీ చెప్పకు. దాని చెవిన పడకూడదు. దానికైనా దుమ్మునే మిగలనీ.”

ఆ చలికాలంలోనే ఐవా ఇల్లు అమ్మేసి, కూతుర్ని తీసుకుని వర్జీనియాలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. గార్నెట్ వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. అన్నదమ్ములు ఎదురుపడితే తలూపుకోవడం వరకే. హోబర్ట్ ఇక రేసుల్లోకి దిగలేదు. రంపపుమిల్లులో చెక్క పలకలు పేర్చే పనికి కుదిరాడు. రోజూ వర్నానే దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేది.

అతను ఎందుకు మానేశాడో ఊరు తనకి తోచినట్టు చెప్పుకుంది. స్నేహితుడు పోయాక గుండె పగిలిందని, గెలిచే కారును గెలుస్తుండగానే వదిలేశాడని, అలాంటి స్నేహం ఇప్పుడెక్కడుందని. మిల్లులో కుర్రవాళ్ళు అతని ముందే ఆ కథ ఒకరికొకరు చెప్పుకునేవారు. హోబర్ట్ కాదనలేదు, ఔననలేదు. ఎవరికీ చెప్పకన్న ఐవా మాట దాటలేదు. కథ అయ్యేదాకా పలకలు పేరుస్తూ ఉండేవాడు.